గుడ్డు పడని ఇల్లు

సోమవారం, ఆటు

ఈ పలక ఇంగ్లీషు మాత్రమే చదువుతుంది. రోజుకో పేజీ రాయాలని బడిలో ఇచ్చారు. రాసిందంతా అదే చదివి, తప్పులు దిద్ది, సాయంత్రానికి జబీన్ మేడమ్‌కి పంపిస్తుంది. తెలుగు రాస్తే దానికి అర్థం కాదు. బొమ్మలు గీస్తున్నాననుకుని బొమ్మల అరలో పడేస్తుంది. ఆ అర ఎవరూ తెరవరు. అందుకే ఇంగ్లీషులో వానల మీద ఒక పేజీ రాసేసి, ఇది ఇక్కడ రాస్తున్నాను. నా తెలుగు అమ్మమ్మ దగ్గర నేర్చుకున్నది. తప్పులుంటాయి.

ఇవాళ కూడా చేశాను.

బడి గుమ్మం దగ్గర చిన్న క్లాసు వాళ్ళ పుల్లలు తీసే పని ఈ ఏడాదంతా నాదే. లోపలికొచ్చే ప్రతి పిల్లా నాలుక చాపాలి. కొబ్బరీనెంత సన్నటి పుల్ల నాలుక మీద ఆనించి, ఆ పిల్ల పేరున్న గొట్టంలో వేసి, గొట్టాన్ని మనుషులు లేకుండా తనే వండే వంటగోడకి ఇవ్వాలి. మధ్యాహ్నానికి గోడ కంచాలు బయటికి తోస్తుంది. అన్నం, పప్పు, పచ్చడి అందరికీ ఉంటాయి. ఒంట్లో ఏదైనా తక్కువైన వాళ్ళకి ఆ తక్కువని బట్టి తొట్లలో పెంచిన బాతుల గుడ్డో, ఆకుకూర పచ్చముద్దో అదనంగా పెడుతుంది. నీళ్ళలో కట్టుకున్న మా మంచెల మీద ఆ గోడని అందరూ అత్తగారు అంటారు. ఇంట్లో ఎవరెంత తిన్నారో కనిపెట్టేది ఇంకెవరు అని.

మా చెల్లి మిన్ను ఫస్ట్ క్లాసు. వరసలో దాని వంతు వచ్చింది. నాలుక చాపింది. పుల్ల ఆనించాను. ఆ పుల్ల నా గౌను జేబులోకి పోయింది. నా నోట్లో ముందే పెట్టుకున్న ఇంకో పుల్ల దాని గొట్టంలోకి పోయింది. వెనకాల ఉన్న పిల్ల ముక్కు చీదుకుంటోంది, చూడలేదు.

నా గొట్టంలోనూ దాని గొట్టంలోనూ ఒకటే నాలుక ఉందని గోడకి తెలియదు. ఏం తక్కువో చూడటమే దానికి నేర్పారు, ఎవరిదో చూడటం నేర్పలేదు.

మధ్యాహ్నం మిన్ను కంచంలో అన్నం, పప్పు, చింతకాయ పచ్చడి. అంతే. అది కంచం వేలితో నాకి శుభ్రం చేసి, పక్కపిల్ల కంచంలోకి చూస్తూ కూర్చుంది.

మంగళవారం, నీళ్ళ పడవ వచ్చే రోజు

పడవ దగ్గర బిందెల వరసలో అమ్మ వెనక నిలబడ్డాను. మా ఎదురింటి సంజనత్త, బిందె నడుం మీద పెట్టుకుని అందరికీ వినపడేట్టు చెబుతోంది.

"మావోడికి మొన్న రెండు పడ్డాయి. అప్పట్నించీ మా అత్త నాతో మాట్టాడట్లేదు."

"గోడ అత్తగారు పెడితే ఇంటి అత్తగారు మూతి ముడిచిందా?" అని ఎవరో అన్నారు. అందరూ నవ్వారు. సంజనత్త కూడా నవ్వింది కానీ, ఆ నవ్వు ఎక్కువసేపు లేదు.

"మీకేంలేండి. హిమజని అడగండి. వాళ్ళది గుడ్డు పడని ఇల్లు. ఆయ్."

హిమజ మా అమ్మ. బిందె కింద గుడ్డ సర్దుకుంటూ, తల ఎత్తకుండానే అంది:

"ఇందులో అడగడానికేముంది సంజనా. పిల్ల నోటికి వేళకి ముద్ద అందిస్తే గుడ్డు ఎందుకు పడుద్ది? తొట్టి తిండి పెట్టి పెంచేదానికి కనడం దేనికి?"

సంజనత్త బిందె నింపుకుని వెళ్ళిపోయింది. నీళ్ళు తొణికి చీర తడుస్తున్నా ఆగలేదు.

గుడ్డు పడిందంటే ఆ ఇంట్లో పిల్లకి సరిగ్గా పెట్టట్లేదని అర్థం. బడి వాళ్ళు అలా అనరు. ఇది మందులాంటిది, సిగ్గుపడకండి అని జబీన్ మేడమ్ ప్రతి మీటింగులోనూ చెబుతుంది. మీటింగు అయ్యాక మెట్ల మీద అందరూ ఎవరి పిల్లకి ఎన్ని పడ్డాయో చెప్పుకుంటారు. పెళ్ళి మాటల్లో కూడా అడుగుతారట, మీ ఇంట్లో ఎప్పుడైనా గుడ్డు పడిందా అని.

తొట్టి తిండి పడకపోవడానికి అమ్మకి ఇంకో కారణం కూడా ఉంది. కింద ఊళ్ళన్నీ ఉప్పునీళ్ళలో మునిగినప్పుడు అమ్మకి మిన్నంత వయసు. శిబిరంలో తొట్టి తిండి అప్పుడే మొదటిసారి పెట్టారట. అది తిన్న మర్నాటి నించి అమ్మ తమ్ముడికి విరోచనాలు. ఆగలేదు. అది తిండి వల్లో నీళ్ళ వల్లో ఎవరికీ తెలియదు. అమ్మకి మాత్రం తెలుసు. అప్పట్నించీ తొట్టి ఆకుకూర, తొట్టి చేప, తొట్టి బాతుల గుడ్డు, ఏదీ మా గడప దాటి లోపలికి రాలేదు. నాన్న సముద్రపు కట్ట పనికి వెళ్ళి, వచ్చినప్పుడల్లా మెట్ట ఊళ్ళ నించి బియ్యం, కందిపప్పు మోసుకొస్తాడు. అమ్మ వాటిని కళ్ళకద్దుకుని డబ్బాలో పోస్తుంది. మేం ముగ్గురం ఆ అన్నమే తింటాం, ఒకే కుండలోది.

అది చాలదని నాకు తెలుసు. గొట్టం రంగు చూసేది నేనే.

బుధవారం

మొదటిసారి ఎలా జరిగిందో రాస్తాను.

పుల్ల పడగానే గొట్టంలో నీళ్ళు రంగు మారతాయి. అంతా బాగుంటే లేత పసుపు. తక్కువుంటే ఎరుపు. వానలు ఇంకా మొదలవక ముందు, ఒకరోజు పొద్దున మిన్ను గొట్టం దానిమ్మ గింజ రంగుకి తిరిగింది. ఆ మధ్యాహ్నమే తల్లుల సంఘానికి పెద్దని ఎన్నుకుంటారు. అందరూ అమ్మ పేరే చెబుతున్నారు. గుడ్డు పడని ఇల్లు కదా. అమ్మ ఆ రోజు పొద్దున్నే పెట్టెలోంచి పట్టు అంచు చీర తీసి కట్టుకుంది. ఆ ఒక్కరోజు గడిస్తే చాలనుకున్నాను. నా గొట్టం పసుపుగా ఉంది. ఇంకో పుల్ల తీసి నోట్లో పెట్టుకున్నాను.

అమ్మ పెద్ద అయింది. దండ వేశారు.

మర్నాడు ఆపుదామంటే ఆపలేకపోయాను. నిన్న పసుపు, ఇవాళ ముదురు ఎరుపు అంటే గోడ ఊరుకోదు. ఇంటి చూపుకి మనిషిని పంపిస్తుంది. వాళ్ళొచ్చి గిన్నెల మూతలు తీసి చూస్తారు. నీళ్ళ పడవ వరసలో నిలబడ్డ వాళ్ళంతా చూస్తారు. అందుకని ఆ రోజూ, ఆ తర్వాతి రోజూ కూడా.

ఒకే కుండలోది తినే నా గొట్టం పసుపు ఎందుకుంది? అసలు రాయాల్సింది ఇది.

మా బడిలో బంతికి ఒక నియమం ఉంది. ఆఖరి మనిషి తినడం అయ్యేదాకా ఎవరూ లేవకూడదు. మంచెలు కట్టిన కొత్తలో తిండి చాలేది కాదట. ముందు తిన్నవాళ్ళు లేచి మళ్ళీ రెండో వడ్డనలో కూర్చునేవాళ్ళట. అది ఆపడానికి పెట్టారు. ఇప్పుడు తిండికి కరువు లేకపోయినా నియమం అలాగే ఉంది. ఎవరైనా నెమ్మదిగా తింటుంటే మిగతా వాళ్ళు ఎంగిలి చేతులు గాల్లో పెట్టుకుని, "తొందరగా తినరా, చెయ్యి ఎండిపోతోంది" అని సణుగుతారు. అందుకని, ఇంట్లో గుడ్డు తినొద్దని చెప్పిన పిల్లలు దాన్ని కంచంలో వదిలేయలేరు. పిడికిట్లో దాచుకుని, చెయ్యి కడిగే చోట చేపల బుట్టలో పడేస్తారు. ఆ బుట్టలోది తీసుకెళ్ళి తొట్టి చేపలకి వెయ్యాల్సింది నేను.

అన్నీ వెయ్యను. మొదటిసారి ఆకలేసి తిన్నాను. పచ్చసొన నారింజ రంగులో ఉంది, ఇసకలా విరిగింది. ఇంత బావుంటుందని ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు రోజూ తింటున్నాను. తొట్టి వెనకాల, గోడకి వీపు ఆనించి, నోరు మూసుకుని నమిలి మింగుతాను. తర్వాత చింతాకు నమిలి ఇంటికెళ్తాను.

నేను తిన్న గుడ్ల బలం చూపించి, అది మిన్ను బలమని గోడని నమ్మించాను. గోడ నమ్మింది.

శుక్రవారం, పోటు

సందె వేళ అమ్మ దీపం వెలిగించి అన్నాలు పెట్టింది. మిన్ను చెయ్యి కంచం పక్కన నేల మీద తడుముతోంది.

"అమ్మా, దీపం పెట్టవా?"

"పెట్టేనుగా. కళ్ళు తెరిచి తిను, ఆటలాడకు."

మిన్ను ఆటలాడట్లేదు. నేను దాని చెయ్యి పట్టుకుని కంచంలో పెట్టాను. అది నవ్వేసి తినడం మొదలుపెట్టింది. అప్పుడు గుర్తొచ్చింది. ఈ మధ్య బడి నించి వచ్చేటప్పుడు బల్ల వంతెన మీద నా గౌను పట్టుకుని వదలట్లేదు. గారం పోతోందనుకుని విదిలించుకున్నాను కూడా.

నైట్ బ్లైండ్‌నెస్. సెవెంత్ క్లాసులో దీని మీద అరపేజీ రాసి ఫుల్ మార్కులు తెచ్చుకున్నాను. కారణాలు, లక్షణాలు, నివారణ. నివారణలో మొదటి మాట ఆకుకూరలు, రెండో మాట గుడ్లు. అమ్మమ్మ దీన్ని రేచీకటి అనేది. నేను చదివిన జబ్బూ అమ్మమ్మ చెప్పిన జబ్బూ ఒకటేనని ఇవాళ మా ఇంట్లో చూసేదాకా తట్టలేదు.

నా కళ్ళు బాగా కనిపిస్తున్నాయి. దీపం వెలుగులో దాని పెదాల చివర పగుళ్ళు కూడా కనిపించాయి.

శనివారం

ఎవరికీ తెలియకుండా సరిచెయ్యొచ్చు అనుకున్నాను.

చేపల బుట్టలోంచి గుడ్డు తీసి, చేతిగుడ్డలో చుట్టి, ఇంటికి తెచ్చాను. అమ్మ సంఘం పని మీద బయటికి వెళ్ళింది. మిన్నుని మంచం వెనక్కి తీసుకెళ్ళి చిన్న ముక్క నోట్లో పెట్టాను. వెంటనే ఉమ్మేసింది.

"తొట్టి గుడ్డు. అది తింటే మావయ్యలాగా అయిపోతాం."

"ఏం అవ్వం. నేను చెబుతున్నా కదా."

"అమ్మ చెప్పింది."

"అమ్మకి తెలియదు మిన్నూ. తిను. అక్క మాట విను."

అది నా మొహం దగ్గరికి వచ్చి వాసన చూసింది. కుక్కపిల్లలాగా.

"నీ దగ్గర రోజూ ఈ వాసనే వస్తాది," అంది.

నేను నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను. అది కాసేపు ఆలోచించింది.

"అమ్మకి చెప్పన్లే. నువ్వు చచ్చిపోకు కానీ."

బయట అమ్మ చెప్పుల చప్పుడైంది. గుడ్డు నా నోట్లో కుక్కుకున్నాను. ఇంకేం చెయ్యాలో తెలియలేదు. మిన్ను మంచం అంచు మీద కూర్చుని, నేను మింగేదాకా భయంగా చూస్తూనే ఉంది.

సోమవారం, మళ్ళీ ఆటు

గురువారం తల్లుల బంతి అని చెప్పారు. ఏడాదికోసారి తల్లులంతా బడికొచ్చి పిల్లల పక్కన కూర్చుని తింటారు. ఈసారి తల్లుల చేత కూడా పుల్లలు పెట్టిస్తారట. వాళ్ళకీ ఎవరికేది తక్కువో అది వడ్డిస్తారట. వడ్డనకి ముందు సంఘం పెద్ద రెండు మాటలు మాట్లాడాలి. సంఘం పెద్ద మా అమ్మ.

అమ్మ వంట చేస్తూ ఆ రెండు మాటలూ చెప్పుకుంటోంది. గరిటె తిప్పుతూ, మధ్యలో ఆగి, "ఇలా అంటే బావుంటుందా?" అని నన్నడుగుతోంది. బావుంటుంది అన్నాను.

శుక్రవారం నించి మిన్ను పుల్ల మిన్ను గొట్టంలోనే వేస్తాను. ఇంటి చూపుకి వస్తే రానీ. గురువారం మాత్రం అమ్మ అందరి మధ్యలో కూర్చుని ఉంటుంది. ఆ ఒక్కరోజు గడవాలి.

ఒక్కరోజు అని ఇంతకు ముందు కూడా అనుకున్నాను. రాసి చూసుకుంటే తెలుస్తోంది.

బుధవారం, పోటు

సరిగ్గా రాయలేకపోతున్నాను.

ఇవాళ బడి ఆలస్యంగా వదిలారు, రేపటి బంతికి బల్లలు సర్దడానికి. వంతెన ఎక్కేసరికి వెలుగు పోతోంది. కింద నీళ్ళు వంతెన చెక్కల దాకా వచ్చేశాయి. మిన్ను నా గౌను పట్టుకుంది. నా రెండు చేతుల్లోనూ చేపల బుట్టలు, ఖాళీవి. వాటిని వంతెన పక్కనున్న తొట్టి గట్టు మీద పెట్టాలి. "ఇక్కడే ఉండు, కదలకు" అని బుట్టలు పెట్టడానికి నాలుగడుగులు పక్కకి వెళ్ళాను.

అది నా వెనకాలే రాబోయింది. నేనెటు ఉన్నానో దానికి కనపడలేదు. చెక్క ఉన్నచోట కాకుండా లేనిచోట కాలు పెట్టింది.

అరుపు కూడా రాలేదు. నేను తిరిగేసరికి వంతెన మీద మిన్ను లేదు. ఎదురుగా వస్తున్న సంజనత్త బిందె వదిలేసి బోర్లా పడుకుని, నీళ్ళలోకి చెయ్యి పెట్టి లాగింది. ముందు జడ వచ్చింది, తర్వాత మిన్ను వచ్చింది. సంజనత్త బిందె కొట్టుకుపోయింది.

అమ్మ పరిగెత్తుకుంటూ వచ్చింది. మిన్నుని గుండెకి అదుముకుని, ముందు నన్ను కొట్టింది.

"ఎక్కడ చూస్తన్నావే? పిల్లని ఒదిలేసి ఏటి చేస్తన్నావు?"

సంజనత్త చీర పిండుకుంటూ నెమ్మదిగా అంది: "దాన్ని కొట్టకు హిమజా. ఈ పిల్లకే సందె చూపు ఆనట్లేదేమో చూసుకో. కళ్ళు తెరుచుకునే గాల్లోకి నడిచింది. నేను చూసేను."

"నా పిల్లకా?" అంది అమ్మ. నీళ్ళ పడవ దగ్గర తను అన్న మాట గుర్తొచ్చిందో ఏమో, సంజనత్తకి బిందె కొనిస్తానని మాత్రం చెప్పింది. సంజనత్త వద్దంది.

ఇంటికొచ్చాక అమ్మ మిన్ను తల తుడుస్తూ, "దూకుడు ఎక్కువైంది దీనికి" అని తనలో తనే నాలుగైదుసార్లు అనుకుంది.

నాకు నీళ్ళలోంచి తీశాక మిన్ను చెప్పిన మాటే వినపడుతోంది. అక్కా, నువ్వు కదులుతావనుకోలేదు.

శుక్రవారం దాకా ఆగను. రేపే.

గురువారం

పొద్దున గుమ్మం దగ్గర మిన్ను నాలుక చాపింది. పుల్ల ఆనించి దాని గొట్టంలోనే వేశాను. ఎరుపు కాదు. ఎండిన నెత్తురు రంగు. గోడకి ఇచ్చాను. గోడ తీసుకుంది. తల్లుల వరస దగ్గర జబీన్ మేడమ్ అమ్మ నాలుక మీద పుల్ల ఆనిస్తోంది. అమ్మ పట్టు అంచు చీరలో ఉంది. నా వైపు చూసి నవ్వింది. నేను కూడా నవ్వాను. నవ్వకుండా ఉండాల్సింది.

బంతికి ముందు అమ్మ నిలబడి మాట్లాడింది. ఎక్కువేం కాదు. "గోడ పెట్టేది పెట్టనీండి, కాదన్ను. పిల్ల ఆకలి ముందు తెలిసేది అమ్మకే. ఇంటి ముద్ద ఇంటిదే." తల్లులు చప్పట్లు కొట్టారు. అమ్మ వచ్చి నాకూ మిన్నుకీ మధ్యలో కూర్చుంది. ఎదుటి వరసలో సంజనత్త, పక్కన వాళ్ళబ్బాయి.

పేర్లు పిలిచి కంచాలు పెట్టారు.

మిన్ను కంచంలో రెండు గుడ్లు, పక్కన పచ్చముద్ద, దాని మీద నారింజ రంగు నూనె. అమ్మ అది చూస్తుండగానే అమ్మ ముందు కంచం పెట్టారు. అందులో కూడా రెండు గుడ్లు, పచ్చముద్ద. తర్వాత నాది. అన్నం, పప్పు, పచ్చడి.

మా వరసలో మాటలు ఆగిపోయాయి. సంజనత్త మాత్రం ఆగలేదు.

"ఏటి హిమజా, అత్తగారికి నీమీద మోజు పుట్టినట్టుందే. దాచి దాచి ఒకేసారి పెట్టేసింది."

నవ్వులు. అమ్మ నవ్వలేదు, కోప్పడలేదు. లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. బంతి మధ్యలో లేవకూడదు కాబట్టి కూర్చుందో, లేదా అప్పటికే ఆలోచన వేరే చోటికి పోయిందో. అమ్మ మిన్ను కంచం చూసింది. తన కంచం చూసింది. తర్వాత నా కంచం చూసింది. అక్కడే ఆగింది. ఇన్నాళ్ళూ అమ్మ అందరికీ చూపించుకున్న కంచం అది. గుడ్డు పడని కంచం.

"కుండ ఒకటే కదే," అంది. గొంతు చాలా చిన్నగా ఉంది. "ముగ్గురం ఒకే కుండలో తింటన్నాం. దీనికి రెండు. నాకు రెండు. నీకెందుకు లేదు?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. గోడ తప్పు అనొచ్చు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. మిన్ను తన గుడ్డు వైపు చూస్తోంది, ముట్టుకోవట్లేదు. చెప్పేశాను. చేపల బుట్ట, తొట్టి వెనక, నా పుల్ల, దాని గొట్టం. గుసగుసగా చెప్పాను. అయినా ఎదుటి వరస దాకా వినపడి ఉంటుంది. సంజనత్త తల దించుకుంది.

"ఎప్పట్నించి?"

"వానల ముందు నించి."

"సంఘం రోజు నించా?"

తల ఊపాను. అమ్మ చెయ్యి పైకి లేచింది. కొడుతుందనుకున్నాను. ఆ చెయ్యి మిన్ను గడ్డం కిందికి వెళ్ళింది.

"మిన్నూ, సందె వేళ నీకు కనిపించట్లేదామ్మా?"

"కనిపిస్తాది," అంది మిన్ను. "అక్క చెయ్యి పట్టుకుంటే కనిపిస్తాది."

అమ్మ దాని గడ్డం వదలకుండానే తలెత్తి, హాలంతా వినపడేట్టు పిలిచింది.

"మేడమ్ గారండీ. ఒకసారి ఇలా రండి. ఈ పిల్ల గొట్టంలో ఇన్నాళ్ళూ మీరు చూసిన పసుపు అబద్ధం. వానల ముందు నించీ దీనికి ఎరుపే. సందె చూపు పోయింది. ఏం చెయ్యాలో చెప్పండి."

అందులో నా పేరు లేదు. నేను కాచుకుని కూర్చున్నాను, పేరు వస్తుందని. రాలేదు.

జబీన్ మేడమ్ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని మిన్ను కనురెప్పలు ఎత్తి చూసింది. చుక్కల మందు ఇవాళే మొదలుపెడతామంది. ఇవాళే తక్కువైందనుకుని ఉంటే చిన్న మోతాదు ఇచ్చేవాళ్ళట, అది సరిపోయేది కాదట. చూపు తిరిగి వస్తుందంది. "ఇంకా ఆలస్యం అయ్యుంటే చెప్పలేకపోయేదాన్ని" అన్నప్పుడు నా వైపు చూసింది. ఇంకేమీ అడగలేదు. అడుగుతుంది. పుల్లల పని రేపట్నించి వేరే వాళ్ళకి.

అప్పటికి బంతిలో అందరూ తినేశారు. చేతులు పైకి పెట్టుకుని కూర్చున్నారు.

"ఇది తింటే మావయ్యలాగా అవుతామా?" అని మిన్ను అడిగింది.

అమ్మ తన కంచంలో గుడ్డు తీసుకుంది. రెండుగా విరిచింది. సొన వైపు చూసింది, చాలాసేపు. అమ్మ వేళ్ళు సన్నగా ఉన్నాయి, గాజులు మోచేతి దాకా జారిపోయాయి. ఎప్పుడు అంత సన్నబడ్డాయో నేను గమనించలేదు. రోజూ మాకు పెట్టాక కుండలో ఏం మిగిలేదో ఎప్పుడూ తొంగి చూడలేదు.

"ముందు నేను తింటా," అంది అమ్మ. "నాకేం కాకపోతే నువ్వు తిను."

నోట్లో పెట్టుకుంది. కళ్ళు మూసుకుని నమిలింది. మింగడానికి నీళ్ళు తాగింది. మిన్ను అమ్మ మొహంలోకి, గొంతులోకి చూస్తూ ఎదురుచూసింది. అందరూ ఎదురుచూశారు. ఏమీ కాలేదు. అప్పుడు మిన్ను తన గుడ్డు కొరికింది. రెండో కొరుకు పెద్దది. పచ్చముద్ద వేలితో గీకి తినేసింది. రెండో గుడ్డు తీసుకుని, అమ్మలాగే రెండుగా విరిచి, అమ్మ ఒడి మీదుగా వంగి, సగం ముక్క నా కంచంలో పెట్టింది.

"అక్కకి ఒక్కటీ పడలేదు," అని అమ్మతో చెప్పింది. "పాపం."

ఆ ముక్క నా అన్నం మీద ఉంది. ఎన్ని తిన్నానో నాకే తెలియదు, ఒక్కటీ గొంతులో అడ్డం పడలేదు. దీన్ని నోట్లో పెట్టుకుంటే దవడ కదల్లేదు. పక్కన అమ్మ తన రెండో గుడ్డు కూడా తినేసింది. మిన్ను వేళ్ళు నాకేసుకుంది. ఇక బంతిలో తినాల్సింది నేనొక్కదాన్నే.

"తినవే తల్లీ," అంది సంజనత్త. గొంతులో వెటకారం లేదు. "చేతులెండిపోతన్నాయి అందరికీ."

హాలు నిండా పిల్లలు, తల్లులు, ఎంగిలి చేతులు గాల్లో పెట్టుకుని నా కోసం కూర్చుని ఉన్నారు. అమ్మ చేతి మీద పచ్చసొన ఎండి పొడిపొడిగా రాలుతోంది.

అమ్మ నా వైపు చూడలేదు. కానీ లేవలేదు.